బడి ఇంటికొచ్చింది - చాకిరీ ఎవరి వంతు?

2020 మార్చిలో బడులు మూసినప్పుడు చదువు ఆగదని ప్రభుత్వాలు భరోసా ఇచ్చాయి. చదువే ఇంటికి వస్తుందన్నాయి. వచ్చింది కూడా. కానీ ఇంట్లో అది ఎవరి నెత్తిన కూచుంటుందని పెద్దగా ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ రోజుల్ని అందరం మర్చిపోవాలనే చూస్తున్నాం. స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్న మనం మాత్రం మర్చిపోకూడదని నా అభిప్రాయం.

ముందు నా సంగతి చెబుతాను. అప్పుడు మా అబ్బాయిది రెండో తరగతి. పొద్దున తొమ్మిదికి వాడి క్లాసు, తొమ్మిదిన్నరకు నేను చెప్పాల్సిన క్లాసు. ఉన్న ఒక్క కంప్యూటర్ వాడికిచ్చి నేను ఫోన్లో పాఠం చెబుతుంటే, పక్క గదిలోంచి "అమ్మా, మిస్సు కనపడట్లేదు" అని అరుపు. వాడి నాన్న కూడా ఇంట్లోంచే ఉద్యోగం చేస్తున్నారు. కానీ వాడు ఒక్కసారి కూడా "నాన్నా" అని పిలవలేదు. శ్రమ విభజన గురించి ఏడేళ్ల పిల్లాడికి ఎవరూ విడిగా పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకొక విషయం కూడా ఒప్పుకోవాలి. మా ఇంట్లో పనిచేసే ఆమెను లాక్‌డౌన్ మొదటి వారంలోనే రావొద్దన్నాను. జీతం పంపుతున్నాను కదా, నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆమె కూతురు ఒకటో తరగతిలో చేరాల్సిన ఏడు అది. ఆ పిల్ల చదువేమైందని అడగడానికి నాకు ఆరు నెలలు పట్టింది. "టీవీలో పాఠాలు చెబుతున్నరంట గదమ్మా, మా దానికి లేవంట" అందామె. నిజమే. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో మొదలైన బడి పాఠాలు మూడో తరగతి నుంచే. అదే సమయంలో ఫీజులు కట్టే ఇళ్లలో ఎల్‌కేజీ పిల్లలకు కూడా ఫోన్లో క్లాసులు. ఒక పిల్లకు తెర ఎక్కువై కళ్ల మంటలు, ఇంకొక పిల్లకు అసలు తెరే లేదు. రెండు ఇళ్లలోనూ జవాబు చెప్పుకోవాల్సింది తల్లే.

కేంద్ర ప్రభుత్వం 2020 జులైలో ఆన్‌లైన్ చదువులకు మార్గదర్శకాలిచ్చింది. ఒకటో తరగతి లోపు పిల్లలకు రోజుకు అరగంట మించకూడదని, అది కూడా తల్లిదండ్రులతో మాట్లాడి దారి చూపడానికేనని అందులో ఉంది. పసిపిల్లల్ని గంటల తరబడి తెర ముందు కూచోబెట్టొద్దనడం మంచిదే. కానీ మిగతా రోజంతా వాళ్లకు నేర్పేదెవరు? "తల్లిదండ్రులు" అన్న మాటలో తండ్రి ఉంటాడు. ఆచరణలో ఎంతవరకు ఉంటాడు? మహమ్మారికి ముందే, 2019లో, కేంద్ర ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే చూడండి. జీతంలేని ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఈ 299 నిమిషాల మీద ఇంకొక ఉద్యోగాన్ని, టీచరు ఉద్యోగాన్ని, జీతం లేకుండా తెచ్చి పెట్టారు.

ఆ ఉద్యోగానికి కావలసిన పనిముట్లయినా ఇచ్చారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు దేశంలో 33 శాతం, మగవాళ్లు 57 శాతం. ఆడవాళ్ల విషయంలో తెలంగాణ 26.5 శాతం దగ్గర, ఆంధ్రప్రదేశ్ 21 శాతం దగ్గర ఉన్నాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను పొద్దున మగవాడి జేబులో బయటికి వెళ్లిపోతే, పిల్లలకు పాఠం రాత్రి వంటయ్యాకే. అది చూపించాల్సిన తల్లికి చదువు వచ్చా? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 59 శాతమే. 2020లో కర్ణాటకలోని గదగ్ జిల్లాలో ఒక తల్లి, పిల్లలు పాఠాలు వినడానికి టీవీ కొనాలని మంగళసూత్రం తాకట్టు పెట్టింది. పత్రికలు దాన్ని మాతృప్రేమ అన్నాయి. నేను దాన్ని ఉచిత విద్యకు ఒక తల్లి చేత కట్టించిన ఫీజు అంటాను.

బడి అంటే పాఠం ఒక్కటే కాదు. బడిలో, అంగన్‌వాడీలో వండి పెట్టే భోజనం ఉంది. తల్లి నిశ్చింతగా కూలికి వెళ్లగలిగే ఆ కొన్ని గంటలున్నాయి. కేంద్రాలు మూసి బియ్యం, పప్పు, గుడ్లు ఇంటికి పంపారు. పంపినందుకు సంతోషమే. కానీ వండే పని కూడా వాటితోపాటే ఇంటికొచ్చింది. ఇంట్లో వండింది అందరి కంచాల్లోకీ వెళుతుంది, తల్లి కంచంలోకి చివరన వస్తుంది. అంగన్‌వాడీలు తెరవాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2021 జనవరి అయింది.

రోగం అలాంటిది, ఇంకేం చేస్తారు అని కొందరు అడుగుతారు. మొదటి నెలల్లో బడులు మూయడాన్ని నేను తప్పు పట్టను. నా ప్రశ్న దేన్ని ముందు తెరిచారన్నది. 2020 మే 4న ఆంధ్రప్రదేశ్‌లో, 6న తెలంగాణలో మద్యం దుకాణాలు తెరిచారు. తెలంగాణలో ప్రాథమిక బడుల గంట మళ్లీ మోగింది 2021 సెప్టెంబరు 1న. చదువుకుందామని కూచున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన నేల ఇది. మూడు దశాబ్దాల తర్వాత అదే నేల మీద సారా ముందు, చదువు వెనక అయ్యాయి. దీని మీద మనం కూడా గట్టిగా మాట్లాడలేదన్నది నా బాధ.

ఫలితం చిన్నపిల్లల మీద పడింది. 2022 అసర్ నివేదిక ప్రకారం గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశంలో 2018లో 27.3 శాతం ఉంటే 2022లో 20.5 శాతానికి తగ్గారు. "ఇంట్లో పట్టించుకోలేదు" అని ఇప్పుడు తల్లుల్నే నిందిస్తుంటే నేను సమావేశాల్లో విన్నాను, మనవాళ్ల నోటి నుంచి కూడా.

అయిపోయిన కథ కదా అనుకోవద్దు. 2024 నవంబరులో ఢిల్లీలో గాలి కలుషితమైనప్పుడు ముందుగా ఇంటికి పంపింది ఐదో తరగతి లోపు పిల్లల్నే, ఆన్‌లైన్ క్లాసులకే. వరదలొచ్చినా, ఎండలు ముదిరినా ఇక ఇదే పద్ధతి అవుతుంది. అందుకే కొన్ని విషయాలు ఇప్పుడే అడగాలి. ఆపదలో చిన్నపిల్లల కేంద్రాలు చివరన మూసి ముందు తెరవాలి. పదిమంది చొప్పునైనా, చెట్టుకిందనైనా నడపాలి. వండిన భోజనం ఆగకూడదు. అంగన్‌వాడీ టీచర్లను, ఆయాలను గౌరవ వేతనం మీద కాకుండా ఉద్యోగులుగా గుర్తించాలి. పిల్లల్ని ఇంటికి పంపితే, వాళ్లను చూసుకునే తల్లులకు కూలి నష్టపరిహారం ఇవ్వాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడగాల్సినవి. ఇళ్లలో అడగాల్సింది వేరే ఉంది. మా అబ్బాయిది ఇప్పుడు హైస్కూలు చదువు. ఇప్పటికీ హోంవర్కు దగ్గర "అమ్మా" అనే పిలుస్తాడు. నాన్నను పిలవమని చెప్పడం ఈ మధ్యే మొదలుపెట్టాను.