తలంటును, ఎండుచర్మమును

నరకచతుర్దశినాడు తెల్లవారుజామున నూనె యంటుకొని తలస్నానము చేయుట తమిళనాటను, కన్నడసీమలోను, మహారాష్ట్రమందును మన కుటుంబములకు ఇరుగుపొరుగు వారితో కలిసివచ్చిన ఆచారము. తమిళులు నల్లెణ్ణె యనునది మన నువ్వులనూనెయే. ఒడిసాలో స్థిరపడిన మనవారిలో ఆవనూనె వాడువారును కలరు. ఈ తలంటును విడువవలసిన పని లేదు. కాని చర్మము పొడిబారిన వారు, ముఖ్యముగా వృద్ధులు, దాని క్రమమును మార్చుకొనవలెనని మా యభిప్రాయము.

చర్మపు పైపొరలోని సహజమైన క్రొవ్వు లోపలి తేమను బయటికి పోనీయదు. వయస్సు మీరినకొలదియు, చలిగాలికిని, వేడినీటికిని అది తగ్గును. అప్పుడు చర్మము బిగిసి, పొట్టు లేచి, దురదపెట్టును. అట్టివారు నూనె రాచుకొని, వెంటనే బాగుగా కాగిన నీటితోను సున్నిపిండితోను జిడ్డంతయు తోమివేసినచో, కుడిచేత నిచ్చి ఎడమచేత తీసికొన్నట్లే యగును.

స్నానపునీటిలో కలుపుకొనుటకై అంగళ్ళలో అమ్మెడి తైలములను నమ్ముకొనుటయు మంచిది కాదు. ఇంగ్లండు, వేల్సులలో ఎగ్జిమా గల 482 మంది పిల్లలపై జరిపిన పరీక్ష 2018లో ప్రకటితమైనది. ఒంటికి రాచు లేపనములు ఎప్పటివలె వాడుచుండగా, నీటిలో తైలము కలుపుటవలన అదనపు ప్రయోజన మేమియు అందు కానరాలేదు. నూనె నీటితో కొట్టుకొనిపోక, ఒంటిపై నిలువవలెను.

కావున ఎండుచర్మము గలవారు గోరువెచ్చని నీటితో పది నిమిషములలో స్నానము ముగింపవలెను. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదములకు చాలును. ఒడలు రుద్దక తువ్వాలుతో అద్దుకొని, తడి పూర్తిగా ఆరకమునుపే కొబ్బరినూనె పలుచగా రాచుకొనవలెను. పగిలిన చర్మమునకు ఆవనూనె మంట కలిగింపవచ్చును. చర్మము చిట్లి రసి కారుచున్నను, దురద మానకున్నను వైద్యునకు చూపవలెను.

మరి రెండు మాటలు. నూనెకాళ్ళతో తడిగచ్చుపై నడచి, జారిపడి తుంటియెముక విరుగగొట్టుకొను వృద్ధులు కలరు. పాదములకు నూనె కూర్చుండియే రాచుకొని, అది యింకిన పిమ్మటనే లేవవలెను. పసిబిడ్డలకు నూనె యంటునపుడు ముక్కులో చుక్కలు వేయు అలవాటు నేటితో మానవలెను. ఆ నూనె ఊపిరితిత్తులలోనికి దిగి ప్రాణాపాయకరమైన న్యుమోనియాను కలిగింపగలదు.

పండుగ తలంటు పండుగకు ఉండనే యుండును. నిత్యస్నానములో మాత్రము ఈ చిన్న మార్పును మన యిండ్లలోని పెద్దలు ఒక మాసము పాటించి చూతురు గాక.