అవ్వ మళ్లీ పుట్టదు, లేస్తుంది

పరలోకం మీద ఆశంతా మత్తుమందని తేల్చేసే మిత్రులు మా అవ్వను చూడలేదు. పగలంతా నాట్లు వేసి, రాత్రి బుడ్డి దీపం ముందు ప్రార్థన చేసుకునే మనిషి. "నేను మళ్లీ పుట్టనురా అయ్యా, లేస్తా" అనేది.

నా డాక్టరేట్ చదువంతా కలిపినా ఆ రెండు క్రియల తేడా ఇంత సూటిగా చెప్పలేదు. కర్మ సిద్ధాంతం ప్రకారం మాదిగగా పుట్టడం పోయిన జన్మ పాపానికి శిక్ష. నోరు మూసుకుని చాకిరీ చేస్తే వచ్చే జన్మలో ప్రమోషన్! అంటే అవ్వ అవ్వగా మిగలదు, చెరిగిపోతుంది. పునరుత్థానంలో లేచేది ఇంకెవరో కాదు, అవ్వే. ఊరు ముట్టుకోని ఆ దేహమే, నాట్లకు వంగిన ఆ నడుమే.

మా ఒంగోలు వైపు ఈ నమ్మకం ఊరికే రాలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే. కరువు గంజి కోసమేనని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. కరువు నిజం. కానీ ఆకలిగొన్నవాళ్లు చావు గురించి, చనిపోయిన తమవాళ్ల గురించి ఆలోచించరా?

పాస్టర్లతో నా పేచీ వేరే. "పైన అంతా బాగుంటుంది" అంటారు, కింద సమాధుల తోట దారి కబ్జా అయితే నోరెత్తరు. దేహం లేస్తుందని నమ్మినవాళ్లకు దాన్ని పడుకోబెట్టే నేల ముఖ్యం కాదా? దారి లేక అవ్వ పెట్టెను పొలంలో దిగి, మోకాలిలోతు బురదలో మోశాం. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులతో వెళ్లేదీ ఆ పొలంలో పడే. మండలాఫీసులో మూడో అర్జీ పెట్టాం. సోమవారం మళ్లీ పోతున్నాం, రాగలిగినవాళ్లు రండి.