తీగ మీద చెల్లే వార్త గాలిలో చెల్లదా?

2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 234 పట్టణాల్లో 730 ఎఫ్‌ఎం ఛానెళ్ల వేలానికి ఒప్పుకున్నప్పుడు తెలంగాణకు పది ఊళ్లు దక్కాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలు అందులో లేవు. ‘మళ్లీ మొండిచేయి’ అని రాసేయడం సులువే. కానీ 2011 నాటి మూడో దశ విధానం లక్ష జనాభాను గీతగా పెట్టుకుంది. జనగామ ఆ ఏటి లెక్కల్లో యాభై వేల పైచిలుకు, మిగతా రెండూ అంతకంటే చిన్నవి. ఇది వివక్ష కాదు, కూడికలు తీసివేతలు. పోనీ, ఎఫ్‌ఎం వచ్చిందే అనుకుందాం. అది ఏం చెప్పగలదు? సినిమా పాటలు, నగల దుకాణం ఆఫర్లు. వార్త మాత్రం చెప్పకూడదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను అక్షరం మార్చకుండా వినిపించుకోవచ్చు.

అసలు తిరకాసు ఇక్కడుంది. ఈ మూడు జిల్లాల్లో ఇంటింటికీ తెలిసిన ప్రసారం లోకల్ కేబుల్ ఛానెల్. పుట్టినరోజు ఫొటోలు, కింద పరుగెత్తే స్క్రోలింగ్, సాయంత్రం మార్కెట్ యార్డులో పత్తి ధర, మున్సిపల్ సమావేశంలో గొడవ. అది వార్త చదివితే చట్టం అడ్డుపడదు. ప్రసారాలకు పెట్టిన ప్రోగ్రామ్ కోడ్ పాటించాలి. కేబుల్ ఆపరేటర్‌కు రిజిస్ట్రేషన్ ఇచ్చింది ఎవరనుకున్నారు? హెడ్ పోస్ట్‌మాస్టర్! 2025 జనవరి 17న ఆ పని కేంద్ర మంత్రిత్వ శాఖ పోర్టల్‌కు మారింది, ఫీజు అయిదు వేలయింది. అంతకుముందే 2022 నవంబరులో, లోకల్ ఛానెళ్లలో వార్తలు నడిపే ఎమ్‌ఎస్‌వోలు (ఆపరేటర్లకు ఛానెళ్లు అందించే పెద్ద కేబుల్ సంస్థలు) కంపెనీగా మారాలన్నారు, రికార్డింగులు 90 రోజులు దాచాలన్నారు. పగ్గం బిగించారు గానీ నోరు కట్టలేదు.

నోరు కట్టింది రేడియోకే. ఆ కట్టడి వెనకున్న ఆలోచన చూడాలంటే 1995 ఫిబ్రవరి 9 నాటి సుప్రీంకోర్టు తీర్పుకు వెళ్లాలి. హీరో కప్ క్రికెట్ ప్రసారంపై దూరదర్శన్‌కూ బెంగాల్ క్రికెట్ సంఘానికీ జరిగిన తగాదా అది. జస్టిస్ సావంత్, జస్టిస్ మోహన్ ఒక తీర్పు, మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి విడిగా మరొకటి రాశారు. వాయు తరంగాలు ప్రజల ఆస్తి అన్న ముక్క ఒక్కటే అందరికీ గుర్తుంది. ఆస్తి ప్రజలదైతే కాపలాదారు తానేనని ప్రభుత్వం అర్థం చెప్పుకుంది. జీవన్ రెడ్డి గారు ప్రైవేటు స్టేషన్లకు తలుపులు బార్లా తెరవలేదు, నిజమే. దాన్ని పార్లమెంటుకు వదిలేశారు. అయితే సర్కారు గుత్తాధిపత్యాన్నీ ఒప్పుకోలేదు. వినేవాడికి భిన్నాభిప్రాయాలు అందడమే వాక్ స్వాతంత్య్రానికి ప్రాణమన్నది ఆయన తర్కం. తీర్పును ఆ కొసనుంచి చదవాలని నా పట్టు. తరంగం ప్రజలదే అయినప్పుడు, తీగ మీద చెల్లే మాట తరంగం మీద చెల్లకపోవడానికి కారణమేమిటి?

ఊరివాళ్లే నడుపుకునే కమ్యూనిటీ రేడియోకూ వార్తలు నిషిద్ధమే, కానీ దాని మార్గదర్శకాల్లో ఒక మినహాయింపు ఉంది. కరెంటు, నీళ్లు, ప్రకృతి విపత్తులు వంటి ప్రకటనలు వార్తల కిందకు రావట. అయితే అవి ‘స్థానిక యంత్రాంగం అందించినవి’ అయి ఉండాలి. ఈ రెండు మూడు మాటల బరువు తెలియాలంటే 2023 జులై 27 తెల్లవారుజాము గుర్తు చేసుకోండి. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 600 మిల్లీమీటర్లు దాటి కురిసింది. మోరంచవాగు ఊరి మీద పడి మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కారు, సహాయక బృందాలు వస్తే గానీ దిగలేదు. అటువంటి రాత్రి మొదట పోయేది కరెంటు, దానితో పాటే కేబుల్. మిగిలేది బ్యాటరీ మీద పలికే రేడియో. ఎగువ ఊళ్లో వాగు గట్టు తెగిందని కళ్లారా చూసినవాడు చెబితే, నిబంధన అక్షరాలా చదివితే, అది వార్త. కలెక్టరేట్ చెబితే ప్రకటన. కలెక్టరేట్‌కు ఆ కబురు చేరేదీ ఆ ఊరివాళ్ల ఫోన్ నుంచే కదా!

వంద వాట్ల స్టేషన్ పెట్టి నడపడం మన పల్లెల వల్ల కాదనేవారు జహీరాబాద్ దగ్గర మాచనూరు వెళ్లి చూడవచ్చు. 2008 అక్టోబరు 15 నుంచి అక్కడ దళిత మహిళలు సంఘం రేడియో నడుపుతున్నారు. ఉమ్మడి వరంగల్‌కు ఆకాశవాణి వరంగల్ ఉంది, కాదనను. ఏటూరునాగారం అడవి నుంచి జనగామ దాకా ఒక్క స్టేషనే అన్ని వాగుల ముచ్చటా చెప్పాలంటే అయ్యేపనేనా?

వార్తలు వదిలితే భద్రతకు ముప్పు, నిఘా పెట్టలేం అని ప్రభుత్వం వాదన. రేడియోలో వార్తల నిషేధంపై కామన్ కాజ్ సంస్థ 2013లోనే సుప్రీంకోర్టుకెక్కింది. నిఘా మాటకొస్తే, కమ్యూనిటీ రేడియో ప్రసారం చేసిన ప్రతిదీ మూడు నెలలు దాచాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. కేబుల్‌కు 90 రోజులు సరిపోయిన నిఘా రేడియోకు ఎందుకు చాలదు? పైగా ఈ నిషేధం పార్లమెంటు చేసిన చట్టంలోది కాదు, మార్గదర్శకాల్లో, అనుమతి ఒప్పందంలో రాసుకున్న షరతు. ప్రభుత్వం తలచుకుంటే ఉత్తర్వుతోనే కొట్టేయవచ్చు.