మాత్రకు తోడు అవసరమైన రోజులు

గర్భనిరోధక హార్మోన్ మాత్రకు అమెరికాలో 1960లో అనుమతి రాకముందే, 1950ల్లో కలకత్తా బాక్టీరియలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాక్టర్ ఎస్.ఎన్. సన్యాల్ బఠాణీ నూనెలోని మెటాజైలోహైడ్రోక్వినోన్ అనే పదార్థాన్ని గర్భనిరోధకంగా స్త్రీలపై పరీక్షించారు. నెలసరి 16వ రోజున, 21వ రోజున ఇచ్చిన ఆ మందుతో గర్భధారణలు దాదాపు సగం మేర తగ్గాయే గాని ఆగలేదు. ఆ పద్ధతికి ఆధారం రోజుల లెక్క. నెలసరి క్రమం తప్పే స్త్రీలో అండం ఎప్పుడు విడుదలవుతుందో ముందుగా చెప్పలేం కనుక ఆ లెక్కను నమ్ముకోవడం కష్టం. నెలసరి సరిగా రానివారికి గర్భం రాదన్న భావన కూడా ఈ కారణంగానే పొరపాటు.

నేటి మాత్రలోని ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ అనే రెండు హార్మోన్లు అండం విడుదలనే ఆపుతాయి కాబట్టి దాని బలం రోజూ తప్పకుండా వేసుకోవడంలో ఉంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ పట్టీలో 21 హార్మోన్ మాత్రలు, 7 ముదురు రంగు ఇనుము మాత్రలు ఉంటాయి. ఏ లోపమూ లేకుండా వాడే 100 మందిలో ఏడాదికి ఒకరికన్నా తక్కువ మంది గర్భం దాలిస్తే, మరపులతో సాగే మామూలు వాడకంలో ఆ సంఖ్య సుమారు 7. మొదటి మూడు నెలల్లో మధ్యమధ్య కనిపించే రక్తపు మరకలు, మాత్రలు మానకుండా వాడుతున్నంత వరకు మందు విఫలమైనట్టు కాదు. వాటికి భయపడి సొంతంగా మానేయడమే అసలు ప్రమాదం.

నెలసరి మొదలైన అయిదు రోజుల తర్వాత మాత్రలు ప్రారంభించినా, వరుసగా రెండు లేదా అంతకంటే ఎక్కువ హార్మోన్ మాత్రలు మరచినా, మళ్లీ ఏడు రోజులు వరుసగా మాత్రలు వేసుకునే వరకు కండోమ్ వాడాలి. దీనినే అదనపు రక్షణ అంటారు. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ హార్మోన్లను శరీరంలో త్వరగా విచ్ఛిన్నం చేస్తుంది కనుక, ఆ మందు వాడేవారు వైద్యుల సలహాతో వేరే పద్ధతికి మారాలి. ఇక లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన, హార్మోన్ లేని గర్భనిరోధక మాత్ర ‘ఛాయా’ నెలసరిని ఆలస్యం చేయగలదు. ఆలస్యం 15 రోజులు దాటితే గర్భ పరీక్ష చేయించుకోవాలి.

కోల్‌కతా వార్డు ఆరోగ్య కేంద్రంలోనైనా, ఖరగ్‌పూర్ తెలుగు వాడలోనైనా, మరచిన రోజున ఏం చేయాలో చెప్పకుండా పట్టీ చేతికివ్వడం సగం వైద్యమే. మాత్రతోపాటు కండోమ్‌లు, ఈ సూచనలు స్త్రీకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. భర్తకూ వాటిని వివరించాలి. మాత్ర మరచిన వారంలో రక్షణ బాధ్యత అతనిది కూడా.