యోసేపు రథం కట్టించుకొని ఎదురెళ్లాడు, మనం లొకేషన్ పంపిస్తున్నాం

ధ్యాన భాగం: ఆదికాండము 46:28–34, 47:1–10



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మన పెద్దల్లో ఒకాయన నన్ను పక్కకి పిలిచాడు. "అయ్యగారూ, ఈ నెల మన పేటలో ఆరిళ్లకి తాళాలు పడతయ్యంట. పిల్లల దగ్గరికి హైదరాబాదు పోతన్నారు. కేరల్స్‌కి ఎవరొస్తారు? స్టార్ ఎవరు కడతారు? క్రిస్మస్ నెలలో మందిరం వదిలిపెట్టి చార్మినార్ చూడబోటం ఏం భక్తి? మీరు వాక్యంలో గట్టిగా చెప్పాల" అన్నాడు.

గట్టిగానే చెబుతానన్నాను. ఇదిగో చెబుతున్నాను. అయితే ఆయన అనుకున్నవాళ్లకి కాదు.

ముందు పెద్దలకు. మార్కు సువార్త 7వ అధ్యాయం 9 నుంచి 13 వచనాలు ఇంటికెళ్లి మళ్లీ చదవండి. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని దేవుడికి ఇచ్చేశామని చెప్పి, దానికి కొర్బాను అని పేరు పెట్టి, కన్నవాళ్లను వట్టి చేతులతో వదిలేసినవాళ్లను ప్రభువు మెచ్చుకోలేదు. మీ ఆచారం కోసం దేవుని ఆజ్ఞనే కొట్టేస్తున్నారని మందలించాడు. కేరల్స్ మంచివే. స్టార్ మంచిదే. కానీ ఏడాదికొకసారి కన్నబిడ్డ ముఖం చూడబోతున్న తల్లిని "మందిరం వదిలిపోతున్నావా" అని నిలదీస్తే, అది భక్తి కాదు, కొర్బానే. కానుక తగ్గుద్దన్న భయానికి భక్తి అని పేరు పెట్టుకోవద్దు. ఈ మాట నాక్కూడా తగులుతుంది. తగలనివ్వండి.

అసలు మనవాళ్లకి ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది? సంక్రాంతి దాటి మిరప కోతలు మొదలైతే ఎండాకాలం దాకా కల్లం వదిలి పోవడానికి లేదు. కాయ ఆరబెట్టాలి, తాలు ఏరాలి, గుంటూరు యార్డుకి ఎప్పుడు ఎత్తాలో ధర చూసుకోవాలి. తర్వాత అప్పులు తీర్చే లెక్కలు, మళ్లీ కౌలు, మళ్లీ విత్తనాలు. పత్తి ఒక తీతకీ ఇంకో తీతకీ మధ్య, మిరప తోటకి ఒక మందు కొట్టి ఇంకో మందు కొట్టే లోపల, డిసెంబరులో నాలుగు రోజులు చిక్కుతాయి. ఆ నాలుగు రోజులూ మనం అడ్డం పడదామా?

"చార్మినార్ చూస్తే ఏం భక్తి" అన్నారు. మన వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారిని తలుచుకోండి. ఆయన 'గబ్బిలం' కావ్యంలో గుడి గడప తొక్కనివ్వని మనిషి, తన మొర కాశీలో ఉన్న శివుడికి చెప్పమని ఒక గబ్బిలాన్ని పంపుతాడు. తను పోలేని చోటికి పిట్టనైనా పంపుకోవలసిన బతుకు అది. ఆ బతుకు మన తాతలది. ఆ తాతల మనవడు ఇవాళ మెట్రో రైల్లో కిటికీ పక్కన తన అమ్మను కూర్చోబెట్టి ఊరంతా చూపిస్తానంటే, దాన్ని లోకాశ అనే నోరు నాకు లేదు. తలెత్తుకుని నాలుగు చోట్లు చూడటం కూడా దేవుడిచ్చిన స్వేచ్ఛే.

పెద్దలకు చెప్పింది అయిపోయింది. ఇక బిడ్డలారా, మీ దగ్గరికి వస్తున్నాను. మీకు ఎక్కువ చెప్పాలి.

యోసేపు ఎవరు? పల్లె నుంచి పోయి పట్నంలో పైకొచ్చినవాడు. ఫరో తర్వాత అంతటివాడు. కరువు రోజుల్లో దేశం మొత్తానికి ధాన్యం లెక్క చూసేవాడు. అంతకన్నా తీరిక లేని ఉద్యోగం మీలో ఎవరికైనా ఉందా? అయినా తండ్రి వస్తున్నాడని తెలియగానే రథం సిద్ధం చేయించుకొని గోషెనుకి తనే ఎదురెళ్లాడు. తండ్రి మెడ పట్టుకొని చాలాసేపు ఏడ్చాడు.

మనం ఏం చేస్తున్నాం? లొకేషన్ పంపిస్తున్నాం. వినుకొండలో రాత్రి బస్సెక్కిన ముసలాళ్లిద్దరూ చీకటితో ఎల్.బి. నగర్‌లో దిగుతారు. చేతిలో బియ్యం సంచి, కారం డబ్బా, గోంగూర పచ్చడి సీసా. ఫోనులో ఒక నీలం చుక్క. ఆ చుక్క సంగతి మీ నాయనకి తెలుసా? ఆయనకి తెలిసిన గుర్తులు వేరు. వేపచెట్టు దగ్గర ఎడమకి, కాలవ కట్ట దాటాక కుడికి. "ఆటో అతనికి ఫోన్ ఇవ్వు నాన్నా, నేను చెప్తాను" అని మీరు దుప్పట్లోంచి అంటారు. క్రిస్మస్ కథ మొదలయ్యేదే ఊరుగాని ఊరికి వచ్చిన ఇద్దరికి సత్రంలో చోటు దొరక్కపోవటంతో. దాన్ని మనం ప్రతి డిసెంబరు నాటకం వేసి, సత్రం యజమానిని తిట్టుకుంటాం. తెల్లవారుజామున బస్టాండులో మన అమ్మానాన్నలకు ఆ యజమాని వేషం వేస్తున్నది మనమే.

ఇంకొక మాట. ఐగుప్తీయులకు గొర్రెల కాపరులంటే అసహ్యమని వాక్యమే చెబుతోంది. యోసేపుకి ఆ సంగతి బాగా తెలుసు. అయినా గొర్రెల వాసన పోని తండ్రిని ఇంట్లో దాచిపెట్టలేదు. నేరుగా ఫరో ముందుకి తీసుకెళ్లి నిలబెట్టాడు. 130 ఏళ్ల ఆ పల్లెటూరి ముసలాయన ఏం చేశాడు? ఫరోను దీవించాడు! పట్నంలో ఉన్న ఒక సంఘానికి వాళ్ల అమ్మను తీసుకెళ్లి, వెనక బెంచీలో కూర్చోబెట్టి, తను ముందు వరసలో స్నేహితుల పక్కన కూర్చున్న బిడ్డను నేను ఎరుగుదును. ఆ తల్లి తిరిగొచ్చి "బాగా పాడారయ్యగారూ" అని మాత్రమే చెప్పింది. వెనక బెంచీ సంగతి ఆమె నోట రాలేదు, వేరేవాళ్లు చెప్పారు. బాబూ, మీ ఆఫీసులో, మీ చర్చిలో, మీ అపార్టుమెంటు లిఫ్టులో "మా అమ్మ, మిరప తోటలో పని చేసి నన్ను చదివించింది" అని చెప్పగలవా? చెప్పలేనప్పుడు చార్మినార్ ముందు ఆమెతో ఫొటో దిగి స్టేటస్ పెట్టుకోకు.

అమ్మానాన్నలను పిలిపించుకొని, పసిపిల్లను ఒళ్లో పెట్టి, తాళం చెవి చేతికిచ్చి పొద్దున్నే ఆఫీసుకి పోయి రాత్రికి వచ్చేవాళ్ల గురించి ఎక్కువ రాయను. వాళ్లకే తెలుసు.

ఇంత గట్టిగా చెప్పే అర్హత నాకుందా అని మీరడగొచ్చు. లేదు. నేనే తప్పు చేసినవాణ్ణి గనుక చెబుతున్నాను.

ఇరవై ఏళ్ల కిందట నేను వాక్య శిక్షణ కోసం సికింద్రాబాదులో గది తీసుకొని ఉండేవాణ్ణి. క్రిస్మస్‌కి పది రోజుల ముందు నాయన వచ్చాడు. పట్నం రావటం అదే మొదలు, అదే ఆఖరు. నాకున్నది ఒక్కరోజు సెలవు. ఆ ఒక్కరోజులో పట్నమంతా చూపించాలని ప్లాన్ వేశాను. చార్మినార్ అయ్యింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో జనమంతా గడియారం ముందు కూర్చుని, బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాని కోసం చూస్తున్నారు. నాయన కూడా వాళ్లలో కూర్చున్నాడు. ఇంకా పది నిమిషాలుంది. "పద నాయనా, ఇంకా నెక్లెస్ రోడ్డు చూడాల" అని చెయ్యి పట్టి లేపాను. లేచాడు. సాయంత్రానికి ఆయన మడమలు వాచిపోయాయి. "చెప్పుల్లేకుండా తిరిగే అలవాటు, ఈ బూట్లు ఎందుకేసుకున్నావు?" అని విసుక్కున్నాను. నాకు తలవంపు కాకూడదని ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న బూట్లవి.

నాలుగేళ్ల తర్వాత ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లాడు. పెట్టె సర్దుతుంటే అడుగున పాత క్యాలెండరు కాయితం ఒకటి దొరికింది. మెదక్ చర్చి బొమ్మ. అమ్మ చెప్పింది: "హైదరాబాదు వచ్చింది ఆ గుడి చూద్దామనేరా. నువ్వు హడావుడిగా ఉన్నావని అడగలేదంట."

నేను ఆరు చోట్లు చూపించాను. ఏం చూడాలనుందని ఒక్కసారి అడగలేదు.

ఆయన ఆ గుడినే ఎందుకు చూడాలనుకున్నాడో నాకు తర్వాత అర్థమైంది. మెదక్ చర్చిని డబ్బున్న మహారాజులెవరూ సరదాకి కట్టించలేదు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ, కరువులో ఆకలికి అల్లాడుతున్న జనానికి వట్టి దానం కాకుండా పని ఇచ్చి కూడు పెట్టాలని 1914లో ఆ పని మొదలుపెట్టించాడు. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. సుమారు 175 అడుగుల గోపురం, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. లోపల రంగు అద్దాల కిటికీల్లో ప్రభువు పుట్టుక, సిలువ, ఆరోహణం కనపడతాయి. రాళ్లు మోసినవాళ్లు ఆకలిగొన్నవాళ్లు.

ఇది మన కథ కూడా. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని, మన పెద్దలకు మట్టి పని, కూలి ఇప్పించాడు. గంప మోస్తూ వాక్యం విన్నారు. 1878 జూలై 3న మన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మట్టి మోసిన ఆ జనం సంతానానికి, కరువు కూలీలు కట్టిన గుడిని చూడాలనిపించటంలో ఆశ్చర్యం ఏముంది? షాపింగ్ మాల్లో కదిలే మెట్ల మీద అమ్మను భయపెట్టి నవ్వుకునే బదులు, ఈ కథ చెబుతూ ఆ గుడి మెట్లెక్కించండి. సికింద్రాబాదు జూబ్లీ బస్టాండులో మెదక్ బస్సులుంటాయి, దూరం వంద కిలోమీటర్ల లోపు వెనకాముందుగా ఉంటుంది. 25వ తేదీన జనం తొక్కిడి ఎక్కువ, పెద్దవాళ్లకి కష్టం. అంతకు ముందు వారం మధ్యలో ఒక రోజు వెళ్లండి, నిదానంగా కూర్చోవచ్చు.

మీ అమ్మకి మెదక్ చూడాలని లేకపోవచ్చు. సముద్రం అనుకొని హుస్సేన్‌సాగర్ ఒడ్డున కూర్చోవాలని ఉండొచ్చు. మీరు పని చేసే బిల్డింగు బయట నుంచైనా చూడాలని ఉండొచ్చు. అడగండి. "ఏదో ఒకటిలే అయ్యా, నీ ఇష్టం" అంటుంది. రెండోసారి అడగండి. మూడోసారికి చెబుతుంది.

అడిగాక వాళ్ల నడకతో నడవండి. ఆదికాండము 33:13, 14లో యాకోబు తన అన్నతో ఏమన్నాడో చూడండి. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్కరోజు తోలినా చచ్చిపోతాయి, వాటి నడకకి తగినట్టు నేను మెల్లగా వస్తానన్నాడు. రోజుకి ఒక్క చోటు చాలు. చార్మినార్ కింద నిలబడి చూసినా చూసినట్టే, 149 మెట్లు ఎక్కించక్కర్లేదు. గంట కొట్టేదాకా కూర్చోనివ్వండి.

చివరిగా మా వయసు తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ నిజంగా పిలిస్తే "మాకెందుకులే ఖర్చు" అని కాళ్లు వెనక్కి పెట్టొద్దు. యోసేపు పంపిన బండ్లు చూశాకే యాకోబు ప్రాణం తెప్పరిల్లిందని వాక్యం. ఆయన బండెక్కాడు. మీరూ ఎక్కండి. ఏం చూడాలనుందో నోరు తెరిచి అడగండి. మా నాయనలాగా కాయితం పెట్టె అడుగున దాచుకోవద్దు.

సంఘ పెద్దలారా, కేరల్స్ తేదీలు ముందుకి జరుపుదాం. స్టార్ నేనే కడతాను, మీరు నిచ్చెన పట్టుకోండి. వచ్చే బుధవారం నేనూ ఊళ్లో ఉండను. అమ్మకి ఇప్పుడు మోకాళ్లు సహకరించవు, మెదక్ చర్చి మెట్ల దగ్గర చేత్తో ఎత్తుకోవాల్సి రావచ్చు. ఆమె నన్ను ఎత్తుకున్న లెక్కలో అది ఎన్నో వంతు?

ప్రార్థన: తండ్రీ, నీ కుమారుడు ఈ లోకంలో తల్లిదండ్రులకు లోబడి పెరిగాడు, సిలువ మీద కూడా తల్లికి ఇల్లు చూపించాడు. దూరాన ఉన్న మా బిడ్డల గుమ్మాలు తెరువు. ప్రయాణంలో ఉన్న మా పెద్దవాళ్ల కాళ్లకు బలమియ్యి. అడగటం ఆలస్యం చేసిన నాలాంటివాళ్లను క్షమించు. యేసు నామమున, ఆమేన్.

మీ పాస్టరు