కర్ర మనది, కాటా వాళ్లది, తలుపు ధర కూడా వాళ్లదే

కాస్త పెద్ద పోస్టు. ఓపికగా చదవండి, నచ్చకపోతే కామెంట్లో తిట్టండి.

మొన్న ఒక తమ్ముడు మన గ్రూపులో రాశాడు: "జామాయిల్ వేస్తే చాలన్నా, నాలుగేళ్లకు లారీ వచ్చి తీసుకుపోతుంది, మనకు రిస్కు లేదు" అని. రిస్కు లేదా తమ్ముడూ? నాలుగేళ్లు భూమి మనది, ఎండ మనది, మంటలు అంటుకుంటే నష్టం మనది. ధర మాత్రం మనది కాదు.

మా ఇంటి సంగతే చెప్తా. నాన్న రెండెకరాల్లో జామాయిల్ కొట్టించాడు. లారీ దొరక్క కర్ర తొమ్మిది రోజులు చేను గట్టునే ఎండింది. పచ్చి కర్రలో సగానికి దగ్గరగా నీళ్లే కదా, ఎండేకొద్దీ తూకం పడిపోయింది. తొక్క ఒలిచిన కూలీ కూడా మా మీదే పడింది. అదే ఏడు ఇంటికి తలుపులు కావాలని టౌనుకు పోతే, కర్ర డబ్బుల్లో పెద్ద ముక్క అక్కడే ఊడింది. ఆ తలుపుల లోపల ఉన్నది టేకు కాదు. ఎవరో రైతు పెంచిన, తొందరగా పెరిగే కర్రే!

హర్యానాలో యమునానగర్ చుట్టుపక్కల రైతులు గోధుమ, చెరకు చేలల్లో పాప్లర్ పెంచుతారు. ఆరేడేళ్లకు కోస్తే పక్కనే ప్లైవుడ్ ఫ్యాక్టరీలు. అక్కడ లావును బట్టి గ్రేడు, గ్రేడును బట్టి రేటు. కేరళ పెరుంబావూరులో పాలు అయిపోయిన రబ్బరు చెట్టే ప్లైవుడ్ అవుతుంది. అక్కడా ఫ్యాక్టరీలు వ్యాపారులవే, ఒప్పుకుంటా. కానీ కనీసం లావు కర్రకు లావు ధర ఉంది. మన దగ్గర లావైనా సన్నమైనా గుజ్జు కిందే లెక్క.

"మనవాళ్లకు ఫ్యాక్టరీలు నడపడం వస్తదా?" అని మనలోనే కొందరు అంటారు. ఈ మాట బయటోడు అంటే కోపం వస్తది, మనమే అంటే నవ్వొస్తది. తరతరాలుగా ఏ కర్ర దూలానికి, ఏ కర్ర నాగలికి అని చూపు తోనే చెప్పిన తాతల మనవళ్లం మనం! మొదటి రోజే ప్లైవుడ్ ఫ్యాక్టరీ అడగట్లేదు. ఒక కోత మిషను, నీడలో కర్ర ఆరబెట్టే షెడ్డు, బోరాక్స్, బోరిక్ యాసిడ్ మందు తొట్టి చాలు. ఆ మందు వానకు కరిగిపోతుంది కాబట్టి ఇంటి లోపలి పనికే వాడాలి. జామాయిల్ కోయగానే పగులుతుంది, వంగుతుంది, నిజమే. అందుకే చివరలకు రంగు పూసి, మధ్యలో బద్దలు పెట్టి, నెమ్మదిగా ఆరబెట్టాలి. సన్న కర్ర సెంట్రింగుకు పోతుంది. పలకల కోసం కొన్ని వరసలు ఎనిమిది, పదేళ్లు ఉంచాలి. అన్నం పెట్టే చేలో మాత్రం ఒక్క మొక్క కూడా వద్దు.

అసలు అడ్డం చట్టం దగ్గర ఉంది. 2016 మార్గదర్శకాల ప్రకారం నోటిఫై చేసిన అడవికి పది కిలోమీటర్ల లోపు కొత్త కలప యూనిట్లకు, పారిశ్రామికవాడల్లాంటి చోట్ల తప్ప, లైసెన్సు కష్టం. దొంగ కలపను ఆపాలి, మంచిదే. కానీ ఏజెన్సీలో అడవికి పది కిలోమీటర్ల అవతల ఉన్న ఊరు ఎన్ని చూపిస్తారు? చెట్టు పెంచడానికి మనం పనికొస్తాం, కోసి తలుపు చేయడానికి పనికిరామా? 1993లో కేంద్ర ప్రజా పనుల శాఖ భవనాల్లో కలప వద్దంది. 2020లో ఆ నిషేధం ఎత్తేసింది. అంటే మార్కెట్ తలుపు తెరుచుకుంది, మన ఊరి తలుపే మూసి ఉంది.

కాబట్టి మన డిమాండ్లు మూడే. ఒకటి, రైతుల సొంత చెట్ల కోసం, సహకార సంఘం పేరు మీద, గ్రామసభ పర్యవేక్షణలో ఏజెన్సీలో యూనిట్లకు మినహాయింపు ఇవ్వాలి. రెండు, ఐటీడీఏ షెడ్డు, మిషను, శిక్షణ ఇవ్వాలి. మూడు, ఏజెన్సీలో కట్టే ఇందిరమ్మ ఇళ్లకు, ఆశ్రమ పాఠశాలలకు తలుపులు, కిటికీలు ముందు మన సంఘాల దగ్గరే కొనాలి.

వచ్చే గ్రామసభలో మీ ఊళ్లో ఈ మూడూ తీర్మానం పెట్టించండి. తీర్మానం కాపీ ఇక్కడ పెట్టండి. లైకులు తర్వాత చూద్దాం.