తనదైనంత మాత్రమున మందగునా?

మోకాలి కీలరిగి నడువలేక బాధపడువారు మన పట్టణములలో వీధి కొకరు గలరు. అట్టివారి పొట్టక్రొవ్వును కొంత తీసి, అందలి మూలకణములను వేరుపఱచి, మరల వారి కీలులోనికే సూదిమూలమున నెక్కించు చికిత్సను కొన్ని వైద్యశాలలు ప్రకటించుచున్నవి.

క్రొవ్వునందు మృదులాస్థిగా మాఱఁగల కణములున్నవని 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి. అది పరిశోధనాగారపు మాట. అరిగిన మృదులాస్థి మనుష్యుని మోకాలిలో దీనివలన మరల మొలచునని నేఁటికిని రూఢి కాలేదు. కొందఱికి నొప్పి తగ్గుట నిజమే. కాని వట్టి ఉప్పునీటి సూదికి సైతము కొంత నొప్పి తగ్గుట వైద్యు లెఱిఁగినదే.

రక్తసంబంధములైన కొన్ని వ్యాధులకు దక్క మూలకణచికిత్స ప్రయోగదశయందే యున్నదనియు, అనుమతిఁ బొందిన పరీక్షలకు వెలుపల దానిని జరుపరాదనియు భారత వైద్య పరిశోధనా మండలి 2017లోనే నిర్దేశించినది. ఆ నిర్దేశము కాగితముపై నుండినఁ జాలదు.

"మీ శరీరములోనిదే గదా, భయమేల?" యని వర్తకు లందురు. పరిశోధనకు మేము విరోధులము కాము. పరీక్ష పరీక్షగనే సాగవలయును. రోగికడ ధనము గొనరాదు. ఫలితము మంచిదైనను చెడ్డదైనను ప్రకటింపవలయును. రోగు లీలోపల సూదికి సమ్మతింపక, మొదట అనుమతిపత్ర మేదియని యడుగుదురు గాక.